బోర్డు మీది బుగ్గ

కళ్ళజోళ్ళ దుకాణానికి వచ్చే ప్రతి మనిషీ గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, తలెత్తి బోర్డు చూస్తాడు. బోర్డు మీద ఒక అమ్మాయి ఉంటుంది. నల్లటి గుండ్రటి ఫ్రేము పెట్టుకుని, పెదాలు మూసుకుని, ఈ లోకంలో తొందరపడాల్సిన పని ఒక్కటీ లేదన్నట్టు చూస్తూ ఉంటుంది. ఆ మనిషి లోపలికి వచ్చి కౌంటరు వెనక కూర్చున్న ఆవిడను చూస్తాడు. చూసి, మెడ వెనక్కి తిప్పి ఇంకోసారి బయటికి చూస్తాడు. అక్కణ్ణుంచి బోర్డు కనిపించదు. అయినా చూస్తాడు.

వీధిలో అందరూ అద్దాలమ్మ అని పిలిచే ఆవిడకి ఈ రెండో చూపంటే ఒళ్ళు మంట. మొదటి చూపు సరే, బోర్డు పెట్టిందే చూడ్డానికి. ఈ వెనక్కి తిరిగే చూపు దేనికి? మోసపోయామా అని సరిచూసుకోవడానికి. ఆ మెడ తిరిగి మళ్ళీ తనవైపు వచ్చేలోగా తను ముసలిదైపోతున్నట్టు ఆవిడకి అనిపించేది. రోజుకి ఎంతమంది వస్తే అన్నిసార్లు.

అదైనా కొంత నయం. ఈమధ్య ఆ చూపు ఆవిడ దగ్గర ఆగడమే మానేసింది. పక్కన నిలబడ్డ కూతురి మీద వాలుతోంది.

"బోర్డు మీద ఫోటో మీదేనాండీ? భలే వచ్చింది!"

కూతురు మొదట్లో, "నాది కాదండీ, మా అమ్మది," అనేది. అప్పుడు వాళ్ళు అద్దాలమ్మని పరకాయించి చూసి "ఓహో" అనేవాళ్ళు. ఆ 'ఓహో'లో పరామర్శ ఉండేది. ఎవరో పోయిన సంగతి తెలిసినట్టు గొంతు తగ్గించి మరీ అనేవాళ్ళు. దాంతో కూతురు నిజం చెప్పడం మానేసి, నవ్వి ఊరుకోవడం మొదలుపెట్టింది. తల్లికి అది ఇంకా కష్టంగా ఉంది.

ఇల్లూ దుకాణమూ ఒక్కచోటే. దుకాణంలో పని మూడు చేతుల మీద నడుస్తుంది. కూతురు లెక్కలూ సరుకూ చూస్తుంది. భర్త వెనక గదిలో మిషను దగ్గర కూర్చుని అద్దాలు సానపడతాడు. మొహాల పని అద్దాలమ్మది. ఎవరికి ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పడం, కంటిపాపలు అద్దం మీద ఎక్కడికొస్తాయో పెన్నుతో చుక్క పెట్టడం. ఆ చుక్క పెట్టేటప్పుడు మనిషి మాట్లాడకూడదు. మాట్లాడితే బుగ్గలు కదులుతాయి, బుగ్గల మీద ఫ్రేము కదులుతుంది, చుక్క తప్పుతుంది. అందుకని ఈ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. కౌంటరు మీద గాజు సీసా నిండా పిప్పరమెంటు బిళ్ళలు. చుక్క పెట్టేముందు ఒక బిళ్ళ ఇస్తారు. నోట్లో బిళ్ళ ఉన్న మనిషి మాట్లాడడు. ఇవ్వగానే అద్దాలమ్మ ఒక మాట చెబుతుంది, "బుగ్గన పెట్టుకోకండి. నాలుక మీద పెట్టుకోండి." బుగ్గన పెట్టుకుంటే ఆ పక్క ఫ్రేము లేచిపోతుంది.

ఆ మాట ఎన్ని వేలసార్లు చెప్పిందో ఆవిడకే తెలీదు.

ఎండకి బోర్డు వెలిసిపోయింది. కొత్తది వేయించాలనుకున్నారు. భోజనాల దగ్గర కూతురు మెల్లగా కదిపింది.

"అమ్మా, ఎలాగూ కొత్త బోర్డే కదా. అందరూ అది నేనే అనుకుంటున్నారు. నా ఫోటోనే పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది."

"నేనింకా బతికే ఉన్నాను."

"అయ్యో, బతికున్నావని పెట్టలేదే తల్లీ అప్పుడు! జనం గుర్తుపట్టాలని పెట్టారు."

"నీకు నా మొహం వచ్చిందని గుర్తుపడుతున్నారు. అసలు నా దగ్గరుండగా నకలెందుకు?"

"అసలు కొంచెం అరిగింది కదమ్మా," అని, అన్నాక నాలుక కరుచుకుంది కూతురు.

అద్దాలమ్మ భర్త వైపు తిరిగింది. "ఏమండీ, మీరేమంటారు?"

ఆయన గబగబా చెయ్యి కడుక్కుని వెనక గదిలోకి వెళ్ళి మిషను వేశాడు. పెళ్ళయినప్పటి నుంచీ కష్టమైన ప్రశ్నలన్నిటికీ ఆయన జవాబు అదే. గుర్రుమని మోత.

ఆ మోతలోనే అద్దాలమ్మ ఒంటికాలి మీద లేచింది. "సరే విను. ఫోటో తీసేవాడు వచ్చేనాటికి ఎవరి మొహం బోర్డులా ఉంటే వాళ్ళ ఫోటో. ఖాయమా?"

"ఖాయం," అంది కూతురు జాలిగా నవ్వుతూ.

ఆ జాలి ఆవిడను రాత్రంతా పొడిచింది. పొద్దున్నే దుకాణంలోకి వచ్చి అద్దం ముందు కూర్చుంది. అక్కడ అద్దాలకేం కొదవ, గోడల నిండా అవే. కానీ ఇన్నేళ్ళలో ఆవిడ తన మొహాన్ని తనకోసం చూసుకున్నది తక్కువ. ఎప్పుడూ ఎవరి చెవి పక్కనో, ఎవరి భుజం మీదుగానో ఒక ముక్క కనిపించేది. ఇప్పుడు మొత్తంగా చూస్తే కళ్ళ కింద పల్లాలు, మూతికి రెండు పక్కలా మడతలు. బుగ్గలు ఉండాల్సినచోట బుగ్గలు లేవు. బరువేమో తగ్గలేదు. మరి ఎక్కడికి పోయాయా అని కిందికి చూసుకుంటే, పొట్ట దగ్గర ఆచూకీ దొరికింది.

ఆవిడ దిగులు నిజానికి బుగ్గల గురించి కాదు. బోర్డు మీది అమ్మాయి ముఖంలో ఉన్న ఆ నెమ్మది గురించి. అలా చూడగలిగే మనిషి ఒకప్పుడు తనలో ఉండేది. ఆ మనిషి ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో తెలీదు. బహుశా బుగ్గలతోపాటే వెళ్ళి ఉంటుంది. ఇల్లు బాగుచేయిస్తే తిరిగి రాకపోతుందా?

మొహాలకి మెరుగులు దిద్దే క్లినిక్కులో కౌంటరు దగ్గర పిల్ల, "కూర్చోండి ఆంటీ," అంది. ఆ ఒక్క మాటతో ఎంత ఖర్చయినా సరే అనుకుంది అద్దాలమ్మ.

డాక్టరమ్మ చిన్న వయసుదే. ఓపిగ్గా చెప్పింది. వయసుతో చర్మం కింద ఉండే కొవ్వు మెత్తలు పలచబడతాయట, కాస్త కిందికి జారతాయట, పైన చర్మం వదులైపోతుందట. అక్కడ జిగురులాంటి మందు సూదితో ఎక్కిస్తే లోపల ఆనుకోవడానికి ఆధారం దొరుకుతుంది. ఫిల్లరంటారు. ఏడాది అటూ ఇటూగా దానంతటదే కరిగిపోతుంది. నచ్చకపోతే ముందే కరిగించే ఇంజెక్షను కూడా ఉంది.

"కొద్దికొద్దిగా చేద్దాం మేడమ్. ఇప్పటి మొహానికి ఏది నప్పుతుందో అది చూద్దాం."

"ఇప్పటి మొహం సంగతి వదిలెయ్యండి. ఇదిగో," అని అద్దాలమ్మ సంచిలోంచి బోర్డు ఫోటో తీసింది. "దీన్ని తీసుకొచ్చి ఇక్కడ పెట్టండి."

డాక్టరమ్మ ఫోటోని వెలుతురుకి పట్టి చూసింది. నొసలు ముడిచింది. "ఇందులో ఎడమ బుగ్గ కొంచెం... ఎక్కువగా లేదూ? ఆ రోజు పన్ను నొప్పేమైనా..."

"పన్నూ లేదు, నొప్పీ లేదు. నా మొహం అలాంటిది," అంది అద్దాలమ్మ నిటారుగా కూర్చుని. "డాక్టరుగారూ, ముప్పై ఏళ్ళుగా నేను మొహాలకి ఫ్రేములు బిగిస్తున్నాను. రెండు పక్కలా ఒకేలా ఉన్న మొహం ఇంతవరకు చూళ్ళేదు. ఒకరికి చెవి కిందికుంటుంది, ఒకరికి ముక్కు పక్కకుంటుంది. నాకు ఎడమ బుగ్గ నిండు. అందమంతా అక్కడే ఉంది."

"నిజమే, అందరికీ కొంత తేడా ఉంటుంది. కానీ ఇంత తేడా..."

"మొన్న ఒకాయన వచ్చాడు. కుడి కన్ను కంటే ఎడమ కన్ను..."

"మేడమ్, గుర్తులు పెట్టాలి. ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉంటారా?"

"ఉంటాను. ఆ ఒకాయన సంగతి చెప్పేసి ఉంటాను."

డాక్టరమ్మ తెల్ల పెన్సిలు గాల్లో పట్టుకుని ఆ ఒకాయన సంగతి, ఆయన బావమరిది సంగతి విన్నది. చివరికి విసిగో, నమ్మో, ఫోటోని ఎదురుగా గోడకి అంటించుకుని అందులో ఉన్నది ఉన్నట్టు చేసింది. కుడి పక్క కొంచెం. ఎడమ పక్క చాలా.

ఇంటికొస్తే గుమ్మంలోనే కూతురు బుగ్గన వేలేసుకుంది. "ఏమైందమ్మా? కందిరీగ కుట్టిందా?"

"వాపు ఉంటుందన్నారు. తగ్గుతుంది."

భర్త వెనక గదిలోంచి తొంగిచూశాడు. చూసిన కళ్ళు చూసినట్టే ఉండిపోయాయి. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. అప్పటికి అద్దాలమ్మ క్లినిక్కులో కుర్చీ గురించి, సూది గురించి, ఆంటీ అన్న పిల్ల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన నోరు మూసుకుని వెళ్ళి మిషను వేశాడు.

వాపు తగ్గింది. బుగ్గ తగ్గలేదు. ఎడమ పక్క ఒక చిన్న గుట్టలా నిలబడింది. ఆవిడ రోజూ బయటికి వెళ్ళి బోర్డు కింద నిలబడి, చేతి అద్దంలో ఒకసారి, పైకి ఒకసారి చూసుకునేది. అచ్చు అదే. డాక్టరమ్మ చెయ్యి బంగారం కాను! చిక్కల్లా ఒకటే, నవ్వినప్పుడల్లా ఆ గుట్ట ఆవిడ కళ్ళజోడు ఎడమ కొసని పైకి నెట్టేది. ఒక కన్ను కళ్ళజోట్లోంచీ ఒక కన్ను దాని కిందినుంచీ కస్టమర్లను చూసేది. వాళ్ళు ఏ కంటిలోకి చూడాలో తెలియక తికమకపడేవాళ్ళు. ఒకావిడైతే చుక్క పెట్టించుకుని వెళ్తూ వెళ్తూ, "మా వీధిలో మంచి పళ్ళ డాక్టరున్నాడమ్మా, అసలు నొప్పే తెలీదు," అని చెవిలో చెప్పి పోయింది.

అవన్నీ అద్దాలమ్మ భరించింది. ఆవిడ ఎదురుచూస్తున్నది వేరే. ఇల్లు సిద్ధమైంది, మనిషి రావాలి. మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు బోర్డు మీది అమ్మాయిలా పెదాలు మూసుకుని, చూపు దూరంగా పెట్టి కూర్చునేది. లోపల ఏదో ఒకటి సర్దుకుంటుందని కాచుకునేది. లోపల సర్దుకునేదేమీ లేదు. పొద్దున పాలవాడితో అనాల్సిన మాట ఒకటి గుర్తొచ్చేది. ఎదురింటి కిటికీ తెర వంకరగా ఉందని తోచేది. మరుక్షణం, "ఒసేయ్, ఆ తెర చూశావా?" అని కూతురితో అనేసేది.

మొహం వచ్చింది కానీ మొహంలోని మనిషి రాలేదు. ఆవిడకి లోలోపల భయం పట్టుకుంది. కొంపదీసి ఆ మనిషి ఎప్పుడూ లేదా?

ఫోటో తీసేవాడు రేపు వస్తాడనగా, రిటైరైన మాస్టారొకాయన కొత్త కళ్ళజోడుకి వచ్చాడు. ఆయన కూర్చున్న దగ్గర్నుంచీ తన పాత విద్యార్థుల కథలు చెబుతూనే ఉన్నాడు. అద్దాలమ్మ తన కస్టమర్ల కథలు చెబుతూనే ఉంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతూ, ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. చుక్క పెట్టే వేళ ఆవిడ సీసా మూత తీసింది. మాస్టారు బిళ్ళ నోట్లో వేసుకున్నాడు. హఠాత్తుగా దుకాణం నిశ్శబ్దమైంది. మాస్టారి మొహంలో నెమ్మది పరుచుకుంది. చూపు ఎక్కడో దూరాన నిలిచింది. లోకంలో తొందరపడాల్సిన పని ఒక్కటీ లేదన్నట్టు.

ఆవిడ పెన్ను ఎత్తింది. ఫ్రేము ఎడమ పక్క లేచి ఉంది.

"బుగ్గన పెట్టుకోకండి మాస్టారూ, నాలుక మీద పెట్టుకోండి. చూడండి, ఎడమ పక్క ఎలా లేచి..."

మాట అక్కడ ఆగింది. మాస్టారి వెనక గోడకి అద్దం ఉంది. పక్క గోడకి ఇంకో అద్దం. రెండింటి మధ్య మాస్టారి ఎడమ బుగ్గా, ఆవిడ ఎడమ బుగ్గా పక్కపక్కన కనిపించాయి. రెండు గుట్టలు, ఒకే ఎత్తు. ఆయన ఫ్రేమూ ఆవిడ కళ్ళజోడూ ఒకే వంకర.

ఆవిడ పెన్ను కింద పెట్టి బయటికి వెళ్ళింది. తలెత్తి బోర్డు చూసింది. ఇన్నేళ్ళు కస్టమర్లు చూసినట్టు కాదు, చుక్క పెట్టే ముందు మొహాన్ని చూసినట్టు చూసింది. లోపలికి వచ్చి, తిన్నగా వెనక గదిలోకి వెళ్ళి మిషను ఆపేసింది. ఆ మిషను ఆవిడ చేత్తో ఆపడం అదే మొదటిసారి. భర్త ఉలిక్కిపడ్డాడు.

"ఏమండీ, ఆ ఫోటోలో నా నోట్లో ఏముంది?"

ఆయన మిషను వైపు చూశాడు. అది ఆగిపోయి ఉంది. నీళ్ళు నమిలాడు. "పిప్పరమెంటు."

"ఎవరిచ్చారు?"

"నేనే. ఏం చెయ్యమంటావు? ఫోటోవాడికి వెలుతురు ఎటునుంచి రావాలో చెబుతున్నావు. కెమెరా ఎలా పట్టుకోవాలో చెబుతున్నావు. వాడు సామాను సర్దుకుని పోతానని కూర్చున్నాడు. జేబులో బిళ్ళ ఉంటే నీ చేతిలో పెట్టాను. నోట్లో వేసుకుని ఒక్క క్షణం ఊరుకున్నావు. వాడు నొక్కేశాడు." ఆయన కళ్ళలో పాత సంబరం మెరిసింది. "అప్పుడే నాకు తట్టింది, మన దుకాణంలో అందరికీ ఇద్దామని."

"మరి ఆ మొహంలో అంత నెమ్మది..."

"బిళ్ళ చప్పరిస్తున్నావు."

"నాకెందుకు చెప్పలేదండీ, ఇన్నేళ్ళూ?"

"నీకు తెలుసనుకున్నాను. నోరు నీదే కదా."

"పోనీ సూది వేయించుకొచ్చాకైనా..."

"చెప్పబోయాను. నువ్వు మాట్లాడుతున్నావు."

అద్దాలమ్మ స్టూలు మీద కూలబడింది. తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళు! వాన పడితే ఆ అమ్మాయి తడుస్తుందని రేకు కొట్టించింది. ఆ అమ్మాయి ముందు తను తక్కువదాన్నని కుమిలింది. తనలోంచి లేచి వెళ్ళిపోయిన మనిషి కోసం రాత్రుళ్ళు వెతుక్కుంది. అక్కడ ఏ మనిషీ లేదు. ఉన్నది ఒక బిళ్ళ. అది కరిగిపోగానే తను ఏ వాక్యం దగ్గర ఆగిందో అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టి ఉంటుంది. ఏదీ పోలేదు. పోవడానికి ఏమీ లేదు.

ఎక్కణ్ణుంచో నవ్వొచ్చింది. ముందు భుజాలు కదిలాయి, తరవాత పొట్ట, చివరికి బుగ్గ లేచి కళ్ళజోడుని నుదుటి మీదికి నెట్టింది. అది చూసి భర్త కూడా, ముందు భయంభయంగా, తరవాత గోడ పట్టుకుని నవ్వాడు.

ముందు గదిలోంచి మాస్టారి గొంతు వినిపించింది. "అమ్మా, బిళ్ళ కరిగిపోయింది. ఇంకోటి తీసుకోనా?"

ఆ సాయంత్రమే ఆవిడ క్లినిక్కుకి వెళ్ళి డాక్టరమ్మకి జరిగింది చెప్పింది. డాక్టరమ్మ నవ్వాపుకోలేక తొడుగున్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ తప్పేం లేదు. సైజు కూడా సరిగ్గా కుదిరింది," అంది అద్దాలమ్మ ఉదారంగా. "అప్పటి బిళ్ళలు పెద్దవి. ఇప్పుడన్నీ చిన్నవైపోయాయి."

"ఇప్పుడే కరిగించేస్తాను మేడమ్. రెండు నిమిషాలు."

ఆవిడ బుగ్గ తడుముకుంది. "దానంతటదే కరగాలంటే ఏడాదన్నారు కదా? ఉండనివ్వండి. అంతసేపు వచ్చే బిళ్ళ మళ్ళీ దొరకదు."

మర్నాడు ఫోటో తీసేవాడు వచ్చాడు. బోర్డు కేసి, అద్దాలమ్మ కేసి చూసి, "అచ్చు మీరే! ఏం మారలేదండీ," అన్నాడు. కూతురి మొహం చిన్నబోయింది. పందెం పందెమే. మూతి ముడుచుకుని, కుర్చీని తల్లి వైపు లాగింది.

అద్దాలమ్మ కుర్చీలో కూర్చోలేదు. దాని వెనక నిలబడి కూతురి భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది. "నువ్వే తీయించుకో."

"ఎందుకమ్మా? గెలిచావుగా."

"గెలిచాను. అక్కడ కూర్చుని కూర్చుని విసుగొచ్చింది. ఎండా, వానా."

కూతురు కూర్చుంది. కూర్చున్న మరుక్షణం మొదలుపెట్టింది. "అన్నా, ఆ లైటు కొంచెం ఎడమకి. అంతొద్దు. కెమెరా పైనుంచి పట్టుకో, కింద నుంచైతే మెడ లావుగా వస్తుంది. వెనక ఆ స్టాండు తీసెయ్యి. తీస్తే ఖాళీగా ఉంటుందేమో, మళ్ళీ పెట్టు..." ఫోటో తీసేవాడు కెమెరా దించాడు. సంచి జిప్పు తీశాడు.

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. అద్దాలమ్మ సీసా మూత తీసి ఒక బిళ్ళ కూతురి చేతిలో పెట్టింది. కూతురు చూసుకోకుండానే నోట్లో వేసుకుని, అలవాటుగా ఎడమ బుగ్గకి తోసింది. గది నిశ్శబ్దమైంది. కూతురి చూపు ఎక్కడో దూరాన నిలిచింది.

నాలుక మీద పెట్టుకో అని చెప్పాలి. వేలసార్లు చెప్పిన మాట అద్దాలమ్మ పెదాల దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఫోటో తీసేవాడు నొక్కేశాడు.

కొత్త బోర్డు పెట్టాక మొదట వచ్చినావిడ గుమ్మం దగ్గర ఆగి తలెత్తి చూసింది. లోపలికి వచ్చింది. కౌంటరు దగ్గర కూతురు ఎదురుచూస్తూ నిలబడింది, జవాబు సిద్ధంగా పెట్టుకుని. వచ్చినావిడ చూపు కూతురి మీద వాలి, దాటి, అద్దాలమ్మ ఎడమ బుగ్గ మీద ఆగింది. మెడ వెనక్కి తిరగలేదు.

"మీ చిన్నప్పటి ఫోటోనాండీ? ఆ బుగ్గ ఇప్పటికీ అలాగే ఉందే!"

కూతురు నోరు తెరుచుకుని తల్లి వైపు తిరిగింది.

అద్దాలమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆ ఉదయమే ఆవిడ ఒక సంగతి కనిపెట్టింది. కుడి బుగ్గన ఒక బిళ్ళ పెట్టుకుంటే రెండు పక్కలా సమానమై కళ్ళజోడు తిన్నగా కూర్చుంటోంది. ఇప్పుడు నోట్లో అది ఉంది. పెదాలు మూసుకుని, తొందరేమీ లేనట్టు, ఆవిడ మెల్లగా తలూపింది.

వెనక గదిలో మిషను ఆగింది. భర్త ఆదరాబాదరాగా బయటికి వచ్చాడు.

"ఏమైందే? మాట వినిపించడం లేదు. ఒంట్లో బాగానే ఉందా?"